కార్ రేసింగ్ చూడటం మొదలుపెట్టేవారికి: ఏ సిరీస్ ఎవరికి నప్పుతుంది?

కార్ రేసింగ్ ఎక్కడ మొదలుపెట్టాలని తెలుగువారిలో ఎవరిని అడిగినా ముందుగా ఫార్ములా 1 పేరే చెబుతారు. ఆ సలహాలో తప్పేమీ లేదు గాని, వృత్తిపరమైన రేసింగ్‌లో అది ఒక శాఖ మాత్రమే. ఫ్రాన్స్‌లో ఇరవై నాలుగు గంటలపాటు రాత్రనక పగలనక సాగే పోటీ ఉంది. అమెరికాలో వాలుగా కట్టిన అండాకారపు ట్రాక్ మీద నలభై కార్లు ఒకదాన్నొకటి ఆనుకుని పరుగెత్తే పోటీ ఉంది. మంచులోనూ మట్టిదారుల్లోనూ ఒక్కో కారూ ఒంటరిగా గడియారంతో తలపడే ర్యాలీ ఉంది. 2023లో హుస్సేన్ సాగర్ ఒడ్డున మనవాళ్లు స్వయంగా చూసిన విద్యుత్ కార్ల ఫార్ములా ఈ ఉంది. వీటిలో ఏది గొప్పదన్న వాదనకు అంతు లేదు. ఏది మీకు నప్పుతుందన్న ప్రశ్నకు మాత్రం జవాబు దొరుకుతుంది.

ఆ జవాబు వెతకడానికి ముందు ఒక సంగతి గ్రహించాలి. ప్రతి సిరీస్‌కూ ఒక నిబంధనావళి ఉంటుంది. ఏ భాగాన్ని జట్టు సొంతంగా తయారు చేసుకోవాలి, ఏ భాగాన్ని అందరూ ఒకే సంస్థ దగ్గర కొనాలి, ఎన్ని టైర్లు వాడాలి, మధ్యలో ఇంధనం నింపుకోవచ్చా, పోటీ ఇన్ని కిలోమీటర్లకు ముగుస్తుందా లేక ఇన్ని గంటలకు ముగుస్తుందా అన్నవన్నీ అందులోనే తేలిపోతాయి. గెలుపోటముల మధ్య తేడా ఎక్కడ పుట్టాలో నిర్ణయించేది ఆ నిబంధనావళే: ఒకచోట ఇంజినీరు గీసిన రెక్కలో పుడుతుంది, ఒకచోట డ్రైవర్ చేతుల్లో పుడుతుంది, మరొకచోట తెల్లవారుజామున నిద్ర ఆపుకుంటూ పనిచేసే మెకానిక్ ఓపికలో పుడుతుంది. ఆ తేడాల్లో ఏది చూడటానికి మీ మనసు ఇష్టపడుతుందో తేల్చుకుంటే సిరీస్ దానంతటదే తేలుతుంది.

ఫార్ములా 1: కారు కూడా పోటీదారే

1950 మే 13న ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్‌లో తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసుతో మొదలైన ఫార్ములా 1లో నేటి ప్రధాన సూత్రం ఏమిటంటే, ప్రతి జట్టూ తన కారును తానే రూపొందించుకోవాలి. ఇంజిన్‌ను వేరే సంస్థ నుంచి తెచ్చుకోవచ్చు గాని, గాలిని చీల్చుకుంటూ అదే గాలితో కారును నేలకు అదిమిపెట్టే ఆకృతి మాత్రం జట్టు సొంత ఆస్తి. 2026లో కాడిలాక్ కొత్తగా చేరడంతో పదకొండు జట్లు, ఇరవై రెండు కార్లు అయ్యాయి. పాత సౌబర్ జట్టు ఔడీగా మారింది.

ఇక్కడ టైటిళ్లు రెండు: ఒకటి డ్రైవర్‌కు, మరొకటి జట్టుకు. ప్రతి రేసులో మొదటి పదిమందికి వరుసగా 25, 18, 15, 12, 10, 8, 6, 4, 2, 1 పాయింట్లు దక్కుతాయి. పదో స్థానం కోసం ఇద్దరు డ్రైవర్లు ప్రాణాలొడ్డి పోరాడుతుంటే కెమెరా ఎందుకు అక్కడే తిరుగుతోందని కొత్తవారు విసుక్కోవడం సహజం. జట్ల పట్టికలో స్థానాన్ని బట్టి పంచే సొమ్ము ఆ ఒక్క పాయింటుతో మారిపోవచ్చు. 2025 సీజన్‌లో లాండో నోరిస్ డ్రైవర్ల టైటిల్‌ను మాక్స్ వెర్‌స్టాపెన్ కన్నా కేవలం రెండు పాయింట్లు ఎక్కువ తెచ్చుకుని గెలిచాడు.

రేసు ఏ వరుసలో మొదలవ్వాలో తేల్చే శనివారపు క్వాలిఫయింగ్‌ను ఆదివారపు రేసు కంటే ముందు చూడమని నా సలహా. గంట సేపట్లో మూడు భాగాలుగా జరిగే ఈ పోటీలో ఒక్కో భాగం చివర నెమ్మదిగా ఉన్నవారు తప్పుకుంటారు, మిగిలిన పదిమంది చివరి భాగంలో మొదటి స్థానం కోసం, అంటే పోల్ పొజిషన్ కోసం, తలపడతారు. వ్యూహం, టైర్ల అరుగుదల, ఇంధన పొదుపు వంటి చిక్కులేవీ అడ్డు రాకుండా ఒక కారు, ఒక డ్రైవర్, ఒక ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) మాత్రమే కనిపించే ఈ గంటలో కార్ల అసలు వేగం కొత్తవారికి కూడా స్పష్టంగా అర్థమవుతుంది.

రేసు దూరం సుమారు 305 కిలోమీటర్లు. మొనాకోలో మాత్రం 260. ఇంధనం మధ్యలో నింపడం 2010 నుంచి నిషిద్ధం, కనుక పిట్‌లో, అంటే ట్రాక్ పక్కన జట్టు మెకానిక్‌లు ఉండే చోట, ఆగడానికి ప్రధాన కారణం టైర్లే. పిరెల్లీ ప్రతి రేసుకూ మూడు రకాల పొడి టైర్లు తెస్తుంది: ఎర్ర గీత ఉన్నది మెత్తనిది, పసుపు గీత ఉన్నది మధ్యరకం, తెల్ల గీత ఉన్నది గట్టిది. వాన లేని రేసులో కనీసం రెండు రకాలు వాడి తీరాలి. మెత్తని టైరు వేగమిస్తుంది, త్వరగా అరుగుతుంది. గట్టిది నిదానం, కాని ఎక్కువ ల్యాప్‌లు నిలుస్తుంది. ఫార్ములా 1 వ్యూహంలో చాలా భాగం ఈ ఒక్క బేరంలోంచే పుడుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ముందున్న కారుకూ వెనుకనున్న కారుకూ ఒకటిన్నర సెకన్ల దూరం ఉందనుకోండి. ముందు కారు లేపే గాలి అలజడి వల్ల వెనుక కారు మలుపుల్లో పట్టు కోల్పోతోంది, దాటే వీలు చిక్కడం లేదు. అప్పుడు వెనుక జట్టు తన డ్రైవర్‌ను ఒక ల్యాప్ ముందుగానే పిట్‌లోకి పిలుస్తుంది. కొత్త టైర్లతో బయటకు వచ్చిన అతను ఆ ఒక్క ల్యాప్‌లో రెండు సెకన్లు సంపాదిస్తే, తర్వాతి ల్యాప్‌లో ముందు కారు పిట్‌లో ఆగి బయటకు వచ్చేసరికి స్థానాలు తారుమారవుతాయి. ట్రాక్ మీద ఎవరూ ఎవరినీ దాటలేదు. దాటడం పిట్ దారిలోనే జరిగిపోయింది. దీన్ని అండర్‌కట్ అంటారు. ఇందులో మెకానిక్‌ల పాత్ర ఎంతో చూడాలంటే 2023 ఖతార్ రేసును చూడాలి: అక్కడ నోరిస్ కారుకు మెక్‌లారెన్ బృందం నాలుగు టైర్లనూ 1.80 సెకన్లలో మార్చి రికార్డు నెలకొల్పింది. ఒక్కో చక్రం దగ్గర ముగ్గురు ఉంటారు: ఒకరు నట్టు విప్పి బిగించేవారు, ఒకరు పాత టైరు లాగేవారు, ఒకరు కొత్తది తొడిగేవారు. ఎవరి చేయి క్షణం తడబడినా ఇంజినీర్లు నెలల తరబడి శ్రమించి తెచ్చిన ఆధిక్యం అక్కడే ఆవిరవుతుంది.

లోపాలూ చెప్పాలి. కారు సొంత తయారీ అన్నప్పుడు ఒక జట్టు మిగతావారికన్నా చాలా మెరుగైన కారు కట్టే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. 2023లో రెడ్‌బుల్ ఇరవై రెండు రేసుల్లో ఇరవై ఒకటి గెలిచింది, అందులో పంతొమ్మిది వెర్‌స్టాపెన్‌వే. విజేత ఎవరో ముందే తెలిసిన రేసును రెండు గంటలు చూడటం అందరివల్లా కాదు. దీన్ని అదుపు చేయడానికే 2021 నుంచి జట్ల వార్షిక ఖర్చుపై పరిమితి విధించారు, 2026లో కారు నిబంధనలను మొదలంటా మార్చారు. శక్తిలో దాదాపు సగం విద్యుత్తు నుంచి వచ్చేలా ఇంజిన్లు మారాయి, వెనుక రెక్కను తెరిచి ముందు కారును దాటే డీఆర్‌ఎస్ పద్ధతి 2025తో ముగిసింది. నిబంధనలు మారిన తొలి ఏళ్లలో పాత ప్రేక్షకులూ కొత్త పాఠం నేర్చుకోవలసిందే గనుక, కొత్తవారికి ఇది మంచి సమయం.

మన గడియారానికి కూడా ఈ సిరీస్ అనుకూలమే. యూరప్ రేసులు చాలావరకు ఆదివారం సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో మొదలవుతాయి. మొదటి రేసుగా మాత్రం మొనాకోను ఎంచుకోవద్దు. అక్కడి వీధులు ఎంత అందంగా ఉన్నా దాటడానికి చోటు ఉండదు, శనివారం వరుసే ఆదివారం సాయంత్రానికి మిగులుతుంది. బెల్జియంలోని స్పా, ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్, లేదా రాత్రి పదిన్నరకు మెలకువగా ఉండగలిగితే బ్రెజిల్‌లోని ఇంటర్లాగోస్ మంచి ఆరంభాలు.

లే మాన్స్: ఓర్పు ఉన్నవారికి

లే మాన్స్ 24 గంటల రేసు 1923లో మొదలైంది. ఏటా జూన్‌లో, కొంత భాగం మామూలు రోజుల్లో జనం తిరిగే రోడ్లమీదుగా సాగే 13.626 కిలోమీటర్ల ట్రాక్ మీద జరుగుతుంది. ప్రపంచ ఎండ్యూరెన్స్ ఛాంపియన్‌షిప్‌లోని మిగతా రేసులు చాలావరకు ఆరు, ఎనిమిది గంటల పొడవున ఉంటాయి గాని, ఆ సిరీస్ ప్రాణమంతా ఈ ఒక్క రేసులోనే ఉంది.

ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీల్లో రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అని విభాగాలు ఉన్నట్టే ఇక్కడా మూడు తరగతులు ఉంటాయి: తయారీదారుల అత్యున్నత కార్లయిన హైపర్‌కార్, అందరూ ఒకే రకం కారుతో పోటీపడే ఎల్‌ఎంపీ2, షోరూములో దొరికే స్పోర్ట్స్ కార్ల నుంచి మలిచిన ఎల్‌ఎంజీటీ3. బండలాగుడులో ఒక విభాగం తర్వాత మరొకటి జరుగుతుంది. లే మాన్స్‌లో మూడూ ఒకేసారి, ఒకే ట్రాక్ మీద, అరవై పైచిలుకు కార్లతో జరుగుతాయి. వేగవంతమైన హైపర్‌కార్ డ్రైవర్ ల్యాప్‌కు ఎన్నోసార్లు నిదానపు కార్లను దాటాలి, చీకట్లో, వానలో, ఎదుటి డ్రైవర్ తనను అద్దంలో చూశాడో లేదో తెలియకుండా దాటాలి. రేసు నాయకుడు మారడానికి తరచూ కారణం ఈ రద్దీయే.

ప్రతి కారుకూ ముగ్గురు డ్రైవర్లు. ఏ ఆరు గంటల వ్యవధిలోనైనా ఒకరు నాలుగు గంటలకు మించి, మొత్తం మీద పద్నాలుగు గంటలకు మించి నడపకూడదు. ఎల్‌ఎంజీటీ3లో ప్రతి జట్టూ కాంస్య శ్రేణి డ్రైవర్‌ను, అంటే రేసింగ్ జీవనాధారం కాని వ్యక్తిని, తప్పనిసరిగా ఎక్కించాలి. ఇంత పెద్ద అంతర్జాతీయ పోటీలో సొంత డబ్బుతో వచ్చిన వ్యాపారవేత్త పూర్తికాలపు రేసర్లతో కలిసి అదే ట్రాక్ మీద నడపడం మరెక్కడా అంత తేలికగా కనిపించదు. పిట్‌లో హడావిడి కూడా వేరు: ముందు ఇంధనం, అది పూర్తయ్యాకే టైర్లు. రెండు సెకన్ల మెరుపు ఇక్కడ ఉండదు, కాని ఒక తలుపు సరిగా పడకపోతే, ఒక సీటు బెల్టు చిక్కుకుంటే పోయే అరనిమిషం ఇరవై గంటల తర్వాత లెక్కకు వస్తుంది.

ఓర్పు అన్న మాటకు అర్థం 2016లో తెలిసింది. టయోటా అప్పటికి లే మాన్స్‌ను ఒక్కసారీ గెలవలేదు. ఆ ఏడాది కజుకి నకజిమా నడుపుతున్న టయోటా 5వ నంబరు కారు దాదాపు ఇరవై నాలుగు గంటలూ పూర్తి చేసి, మూడు నిమిషాలు మిగిలి ఉండగా, శక్తి లేదని రేడియోలో చెబుతూ స్టార్ట్ గీత దగ్గరే ఆగిపోయింది. వెనుక వస్తున్న పోర్షె దాన్ని దాటి గెలిచింది. నకజిమా కారును ఎలాగో కదిలించి చివరి ల్యాప్ ముగించినా, ఆ ల్యాప్‌కు పట్టిన సమయం నిబంధన అనుమతించిన ఆరు నిమిషాలకు మించిపోవడంతో ఫలితాల్లో దానికి స్థానమే దక్కలేదు. ఆ తర్వాత 2018 నుంచి 2022 దాకా టయోటా వరుసగా గెలిచింది. 2023, 2024, 2025లలో ఫెరారీ గెలిచింది. 2025 విజేతల్లో ఒకడైన రాబర్ట్ కుబిట్సా 2011లో ఒక ర్యాలీ ప్రమాదంలో కుడి చేయి తీవ్రంగా దెబ్బతిని, ఫార్ములా 1 జీవితం మధ్యలో తెగిపోయిన మనిషి.

ఈ సిరీస్‌లో ఇబ్బంది పెట్టే అంశం ఒకటి ఉంది. వేర్వేరు ఆకృతుల కార్లను సమానం చేయడానికి నిర్వాహకులు బరువును, శక్తిని సర్దుతుంటారు. దానివల్లనే అరడజనుకు పైగా తయారీదారులు పోటీలోకి వచ్చారన్నది నిజం. ఓడిన జట్టు మొదట ఆ సర్దుబాటునే తప్పుపడుతుందన్నదీ నిజం. స్వచ్ఛమైన ఇంజినీరింగ్ పోటీ కోరుకునేవారికి ఇది చేదుగా ఉంటుంది.

ఇరవై నాలుగు గంటలూ చూడాలని పట్టుబట్టనక్కర లేదు. మన కాలమానంలో శనివారం రాత్రి ఏడున్నరకు మొదలవుతుంది. తొలి రెండు గంటలు చూసి పడుకోండి. ఆదివారం తెల్లవారి ఆరింటికి లేచి ఇంకో గంట చూస్తే అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది, హెడ్‌లైట్లు, పొగమంచు, అలసిన జట్లు కనిపిస్తాయి. మళ్లీ సాయంత్రం ఐదున్నర నుంచి ముగింపు దాకా చూడండి. కథ ఎక్కడా తెగదు.

అమెరికా రేసులు: నాస్కార్, ఇండీకార్

“గుండ్రంగా ఎడమకు తిరగడంలో గొప్పేముంది?” అన్న మాట మన దగ్గర తరచూ వినిపిస్తుంది. ఆ మాట అనేవారు డేటోనా ట్రాక్ మలుపు 31 డిగ్రీల వాలుతో గోడలా లేచి ఉంటుందని చూసి ఉండరు. 1948లో ఏర్పడిన అమెరికా రేసింగ్ సంస్థ నాస్కార్‌లో కప్ సిరీస్ అగ్రశ్రేణి. సీజన్‌కు 36 పాయింట్ల రేసులు, ప్రారంభంలోనే డేటోనా 500. షెవర్లే, ఫోర్డ్, టయోటా పేర్లతో కార్లు పరుగెత్తుతాయి గాని, 2022 నుంచి వాటి భాగాల్లో చాలావరకు ఒకే సరఫరాదారుల నుంచి వస్తాయి. కారులో తేడా తగ్గినకొద్దీ కార్లు గుంపుగా పరుగెత్తుతాయి. ముందు కారు చీల్చిన గాలిలో దూరి, వెనుకవాడు ముందువాణ్ని నెడుతూ, ఇద్దరూ ఒంటరి కారుకన్నా వేగంగా పోతారు. చివరి ల్యాప్ దాకా తోడుగా ఉన్నవాడే చివరి మలుపులో మోసం చేస్తాడు.

డ్రైవర్‌కు పక్కన ఏముందో సరిగా కనబడదు కాబట్టి, స్టేడియం పైకప్పు మీద నిలబడి బైనాక్యులర్స్‌తో చూస్తూ రేడియోలో క్షణక్షణం చెప్పే మనిషి ఒకడు ఉంటాడు. అతన్ని స్పాటర్ అంటారు. లోపలి పక్క ఒకడున్నాడు, ఇంకా ఉన్నాడు, ఇప్పుడు ఖాళీ అని అతను చెప్పే మాటల మీదే గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంలో డ్రైవర్ పక్కకు జరుగుతాడు. పిట్ గోడ దాటి వచ్చేది ఐదుగురే: కుడివైపు జాకీ ఎత్తి రెండు టైర్లు మార్చి, కారు చుట్టూ పరుగెత్తి ఎడమవైపు రెండూ మారుస్తారు, ఈలోగా ఒకతను భుజాన మోసుకొచ్చిన డబ్బాతో ఇంధనం పోస్తాడు. మొత్తం పది సెకన్ల పని. ఫార్ములా 1 పిట్ స్టాప్ కంటికి ఆనేలోపే ముగుస్తుంది. ఇది మాత్రం మనుషులు చేసే పనిలా కనిపిస్తుంది, అందుకే నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

ఇండీకార్ చూడటానికి ఫార్ములా 1 కారులాగే ఉంటుంది, సూత్రం మాత్రం తలకిందులు. డల్లారా తయారుచేసిన ఒకే రకం కారును అందరూ వాడతారు; ఇంజిన్ హోండాది లేదా షెవర్లేది. అండాకారపు ట్రాక్‌లు, మలుపుల ట్రాక్‌లు, నగర వీధులు మూడింటి మీదా నెగ్గాలి. 1911లో మొదలైన ఇండియానాపొలిస్ 500లో 33 కార్లు 200 ల్యాప్‌లు తిరుగుతాయి, క్వాలిఫయింగ్‌లో సగటు వేగమే గంటకు 370 కిలోమీటర్లు దాటుతుంది, గెలిచినవాడు పాలు తాగుతాడు. 2025లో ఆ రేసునూ సిరీస్ టైటిల్‌నూ కూడా స్పెయిన్‌కు చెందిన అలెక్స్ పలో గెలుచుకున్నాడు. కారు కన్నా డ్రైవర్ ప్రతిభ ముఖ్యం కావాలనుకునేవారికి ఫార్ములా 1 కన్నా ఇండీకార్‌నే నేను ముందు చెబుతాను.

మన దేశంలో ఉన్నవారికి చిక్కల్లా వేళలతోనే. ఇండియానాపొలిస్ రేసు మనకు రాత్రి పది దాటాక మొదలవుతుంది. నాస్కార్ రేసులు చాలావరకు అర్ధరాత్రి తర్వాతివే. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి సంగతి వేరు. షార్లెట్‌లో ఉంటే నాస్కార్ జట్లలో అత్యధికం మీ పొరుగునే ఉన్నాయి. డాలస్ వాసులకు ఫోర్ట్‌వర్త్‌లోని టెక్సస్ మోటర్ స్పీడ్‌వే దగ్గర. ఆస్టిన్‌లో 2012 నుంచి ఫార్ములా 1 రేసు జరిగే ట్రాక్ ఉంది. ఫార్ములా 1 టికెట్, హోటల్ ధరలు చూసి వెనుదిరిగిన కుటుంబాలు పిల్లలతో సహా వెళ్లడానికి నాస్కార్ సాధారణంగా అందుబాటులో ఉంటుంది.

ర్యాలీ

ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ 1973లో మొదలైంది. ఇక్కడ కార్లు పక్కపక్కన పరుగెత్తవు. నిమిషాల తేడాతో ఒక్కొక్కటే బయలుదేరి, మూసివేసిన రోడ్డు ముక్కలను ఎవరు తక్కువ సమయంలో దాటారన్నది లెక్కిస్తారు. ఒక ముక్క నుంచి మరో ముక్కకు వెళ్లేటప్పుడు అదే కారు మామూలు ట్రాఫిక్‌లో సిగ్నళ్ల దగ్గర ఆగుతూ పోవాలి. డ్రైవర్ పక్కన కూర్చున్న కోడ్రైవర్, ముందుగా రాసుకున్న పుస్తకం చూస్తూ, రాబోయే మలుపు ఎంత వంపు, ఎంత దూరం, మధ్యలో గుంత ఉందా అన్నది కళ్లకు కనబడకముందే చదివి వినిపిస్తాడు. మట్టి ర్యాలీల్లో ముందు బయలుదేరినవాడు వదులు కంకరను ఊడ్చి వెనుకవారికి దారి చేసి ఇస్తాడు, అంటే పట్టికలో ముందున్నవాడికే నష్టం. సెబాస్టియన్ లోబ్, సెబాస్టియన్ ఓజియే చెరి తొమ్మిది టైటిళ్లతో సమానంగా ఉన్నారు. ఓజియే తొమ్మిదోది 2025లో వచ్చింది. మన దేశం నుంచి ఆసియా పసిఫిక్ ర్యాలీ టైటిల్ మూడుసార్లు గెలిచిన గౌరవ్ గిల్‌కు 2019లో అర్జున అవార్డు వచ్చింది, మోటర్ స్పోర్ట్‌లో ఆ గౌరవం పొందిన తొలి వ్యక్తి ఆయనే. కారు నడపడం మీకే ఇష్టమైతే ర్యాలీ చూడండి. పక్కపక్కన పోరు కావాలంటే మాత్రం దీని జోలికి వెళ్లవద్దు.

ఫార్ములా ఈ, మన దేశపు ట్రాక్‌లు

2023 ఫిబ్రవరి 11న ఎన్టీఆర్ మార్గ్, సచివాలయం పరిసరాల్లో సుమారు 2.8 కిలోమీటర్ల వీధి ట్రాక్ మీద జరిగిన ఫార్ములా ఈ రేసులో జీన్ ఎరిక్ వెర్న్, చివరి ల్యాప్‌లలో వెంటపడిన నిక్ క్యాసిడీని కాచుకుని గెలిచాడు. 2024లో జరగవలసిన రెండో రేసు జనవరిలోనే రద్దయింది. ఆ ఒక్క రేసే ఫార్ములా ఈ అంటే ఏమిటో చాలామందికి చూపింది, అర్థమైందా అన్నది వేరే మాట. ఇందులో ప్రతి కారుకూ ఇచ్చే విద్యుత్ శక్తి, రేసంతా పూర్తి వేగంతో పోవడానికి చాలదు. ఎక్కడ పెడల్ వదలాలి, బ్రేక్ వేసినప్పుడు ఎంత శక్తి తిరిగి బ్యాటరీకి చేర్చుకోవాలి, ఎవరి వెనుక దాక్కుని పొదుపు చేయాలి అన్న లెక్కల మీదే గెలుపు ఆధారపడుతుంది. ముందున్నవాడు కావాలని నిదానించడం చూసి ఇదేం రేసు అనుకునేవారికి తెర మీద ప్రతి డ్రైవర్ పేరు పక్కన కనిపించే మిగులు శక్తి శాతమే జవాబు చెబుతుంది. ముప్పావు గంట, గంటలో ముగుస్తుంది, ఇంట్లో పిల్లలతో చూడటానికి పొడవు సరిగ్గా సరిపోతుంది. 2014లో తొలి సీజన్ నుంచీ మహీంద్రా జట్టు ఉండటం మనకొక అదనపు ఆకర్షణ. ఇంజిన్ శబ్దం కోసం ఎదురుచూసేవారు మాత్రం నిరాశపడతారు.

ఫార్ములా 1 గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌కు 2011 నుంచి 2013 దాకా మూడేళ్లు వచ్చింది, మూడుసార్లూ సెబాస్టియన్ వెటెల్ గెలిచాడు, ఆ తర్వాత పన్నుల వివాదాల మధ్య ఆగిపోయింది. కోయంబత్తూరుకు చెందిన నరైన్ కార్తికేయన్ 2005లో, చెన్నైకి చెందిన కరుణ్ చందోక్ 2010లో ఫార్ములా 1 డ్రైవర్లయ్యారు. ఈ ఇద్దరి ఊళ్లు చూస్తేనే మన దక్షిణాది రేసింగ్ ఎక్కడ పెరిగిందో తెలుస్తుంది. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ట్రాక్‌లోనూ, కోయంబత్తూరులోని కారి ట్రాక్‌లోనూ జాతీయ ఛాంపియన్‌షిప్ రేసులు జరుగుతాయి. తిరుపతి, నెల్లూరు వాసులకు మొదటిది ఒక పూట ప్రయాణం. 2022లో మొదలైన ఇండియన్ రేసింగ్ లీగ్‌లో అందరూ ఒకే రకం వోల్ఫ్ కార్లు నడుపుతారు, జట్టులో నలుగురిలో ఒకరు మహిళా డ్రైవర్ ఉంటారు. 2024లో నటుడు నాగచైతన్య హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టు యజమాని అయ్యారు. నాణ్యతలో ఇవి యూరప్ సిరీస్‌లకు సాటిరావు, ఆ భ్రమ అక్కరలేదు. కాని టైరు అరిగే వాసన, బ్రేక్ వేసినప్పుడు కారు తల వంచే తీరు టీవీలో తెలియవు. జాతీయ స్థాయి రేసును కంచె దగ్గర నిలబడి ఒక్కసారి చూసినవారికి ఆ తర్వాత ఏ సిరీస్ చూసినా తెర మీద కనిపించేది మారిపోతుంది.

మొదటి రేసు చూసేటప్పుడు

ఏ సిరీస్ అయినా, ముందు వరుసలోని కారును వదిలేసి మధ్యలో పోరాడే ఒక డ్రైవర్‌ను ఎంచుకుని రేసంతా అతన్నే అనుసరించండి. నాయకుడికి తరచూ ఎదురుండదు. మధ్యలో ఉన్నవాడికి ముందూ వెనుకా శత్రువులే. తెర ఎడమ పక్కన కనిపించే పట్టికలో ముందు కారుకూ తనకూ మధ్య ఉన్న సెకన్ల తేడా ల్యాప్ ల్యాప్‌కూ తగ్గుతోందా పెరుగుతోందా గమనిస్తే, వ్యాఖ్యాత చెప్పకముందే జరగబోయేది మీకే తెలుస్తుంది. పసుపు జెండా అంటే ముందు ప్రమాదం ఉంది, దాటవద్దని అర్థం. ఎర్ర జెండా అంటే రేసు ఆగిందని. నీలం జెండా అంటే వెనుక వేగవంతమైన కారు వస్తోందని. ఫార్ములా 1లో ల్యాప్ వెనుకబడినవాడు తప్పుకుని దారివ్వాలి. ప్రమాదం జరిగినప్పుడు కార్లన్నిటినీ నెమ్మదింపజేస్తూ ముందు నడిచే సేఫ్టీ కారు వచ్చినప్పుడు టీ పెట్టుకోవడానికి లేవకండి. అందరూ నిదానంగా పోతుంటారు కనుక అప్పుడు పిట్‌లో ఆగితే పోయే సమయం తక్కువ, వ్యూహాలన్నీ ఆ రెండు నిమిషాల్లోనే తిరగబడతాయి.

ట్రాక్‌కు వెళ్లేవారు పొడవాటి నేరుదారి మధ్యలో సీటు కొనవద్దు. అక్కడ కార్లు రివ్వున పోవడం తప్ప ఏమీ కనబడదు. నేరుదారి ముగిసి గట్టిగా బ్రేక్ వేసే మలుపు ఎదుట సీటు చూసుకోండి, దాటే ప్రయత్నాలన్నీ అక్కడే జరుగుతాయి. నాస్కార్‌కు, లే మాన్స్‌కు చెవుల్లో పెట్టుకునే రక్షణ తప్పనిసరి, పిల్లలకైతే చెవులు పూర్తిగా కప్పేవి తీసుకెళ్లాలి. నాస్కార్ ట్రాక్‌లలో డ్రైవర్, స్పాటర్ మాట్లాడుకునే రేడియోను వినిపించే స్కానర్లు అద్దెకు దొరుకుతాయి. టికెట్టు మీద ఇంకొంచెం ఖర్చయినా అది తీసుకోవడమే మంచిది.